ఇంజను శుద్ధి ద్రవాలు – పెట్రోలు పొదుపు: నిజమెంత?

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి కారు విలాసవస్తువు కాదు. బియ్యం, పప్పుల వలె నిత్యావసరం. సిడ్నీలో కాని, మెల్‌బోర్న్‌లో కాని నగరపు అంచులలో వెలసిన కొత్త కాలనీలలో ఇల్లు కొనుక్కున్నవారికి ఉద్యోగం ఒక దిక్కున, పిల్లల బడి మరొక దిక్కున, దేవాలయం వేరొక దిక్కున ఉంటాయి. చదువు కోసం వచ్చిన విద్యార్థులు రాత్రి ఉద్యోగాలకు వెళ్ళడానికి చౌకలో దొరికిన పాత కారునే నమ్ముకుంటారు. కనుక పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా ఇంటి ఖర్చుల లెక్క తలక్రిందులవుతుంది.

ఇటువంటి సమయంలోనే కారు సామాన్ల దుకాణంలో వరుసగా పేర్చిన చిన్న చిన్న సీసాలు మన దృష్టిని ఆకర్షిస్తాయి. "ఇంజనును శుభ్రపరుస్తుంది, ఇంధనాన్ని ఆదా చేస్తుంది" అని వాటిపై వ్రాసి ఉంటుంది. పెట్రోలు ట్యాంకులో ఒక సీసా ఒంపితే చాలునట. మరికొందరు ద్రవం బదులు మాత్రలు అమ్ముతారు. ఇంకొందరు పెట్రోలు గొట్టానికి తగిలించే అయస్కాంతాలు అమ్ముతారు. వీటిలో శాస్త్రం ఎంత, వ్యాపారం ఎంత అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఇది పది ఇరవై డాలర్లతో ముగిసే విషయం కాదు. ఇటువంటి మాటలు నమ్మి జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నవారు ఈ దేశంలోనే వందల సంఖ్యలో ఉన్నారు. ఆ కథ కూడా ముందు ముందు చూద్దాం.

ఇంజనులో మడ్డి ఎక్కడిది?

పెట్రోలు ఒకే పదార్థం కాదు. అది కొన్ని వందల రకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. వీటిలో ఒలెఫిన్లు అనే రకానికి చెందినవి వేడి, ప్రాణవాయువుల ప్రభావానికి లోనై ఒకదానితో ఒకటి ముడివడి జిగురుగా మారుతాయి. ఈ జిగురు వేడి లోహంపై మాడి గట్టి పొరగా తయారవుతుంది. పాలు కాచిన గిన్నె అడుగున మాడు పట్టడం వంటిదే ఇది. దీనికి తోడు ఇంజను నూనె ఆవిరులు, ఇంజనులోకి తిరిగి పంపబడే పొగలోని మసి కూడా వచ్చి చేరుతాయి.

ఈ మడ్డి ముఖ్యంగా మూడు చోట్ల పేరుకొంటుంది. మొదటిది ఇంజెక్టర్ల కొన. పెట్రోలును సన్నని తుంపరగా చిమ్మే ఈ పరికరపు రంధ్రాలు అతి సూక్ష్మమైనవి. రవంత పొర ఏర్పడినా తుంపర చెదిరి ధారగా మారుతుంది. రెండవది గాలి లోనికి వచ్చే వాల్వుల వెనుక భాగం. మూడవది దహన గది, పిస్టన్ తలభాగం.

ఇంజను నడుస్తున్నప్పటి కంటె ఆపివేసిన తరువాతనే ఇంజెక్టర్ కొనకు ఎక్కువ హాని జరుగుతుంది. నడుస్తున్నంతసేపు పారే పెట్రోలు దానిని చల్లబరుస్తూ ఉంటుంది. ఇంజను ఆపగానే ఆ ప్రవాహం నిలిచిపోయి, కొన వద్ద మిగిలిన చుక్క ఆ వేడికి మాడిపోతుంది. అందుకే అమెరికాలో ఇంజెక్టర్ల మడ్డిని పరీక్షించడానికి రూపొందించిన ప్రామాణిక పద్ధతిలో కారును 15 నిమిషాలు నడిపి, 45 నిమిషాలు ఆపి, మళ్ళీ నడుపుతారు. ఇది మన గృహస్థుల దినచర్యకు ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి. పిల్లలను బడి వద్ద దింపడం, అక్కడి నుండి దుకాణానికి వెళ్ళడం, మళ్ళీ ఇల్లు చేరడం – అన్నీ చిన్న ప్రయాణాలే. సుదూర ప్రయాణాలు చేసే కారు కంటె ఊరిలోనే తిరిగే కారుకు ఈ బెడద ఎక్కువ.

మడ్డి పేరుకొన్నప్పుడు పెట్రోలు ఎలా వృథా అవుతుంది? ఇంజెక్టర్లు సమంగా చిమ్మకపోతే ఒక సిలిండరుకు ఇంధనం తక్కువగాను, మరొక దానికి ఎక్కువగాను అందుతుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ వీటి సగటును మాత్రమే చూసి కంప్యూటరుకు కబురు పంపుతుంది. ఇక వాల్వులపై పేరుకొన్న మడ్డి స్పంజి వలె పెట్రోలును పీల్చుకొని, ఆలస్యంగా వదులుతుంది. చలికాలపు ఉదయం కారు మొండికేయడానికి, కుదుపులతో కదలడానికి ఇది ఒక కారణం. కంప్యూటరు చాలావరకు సర్దుకొనిపోతుంది కనుక వ్యాధి ముదిరేవరకు యజమానికి తెలియదు.

కుంకుడుకాయ చేసే పనే

మడ్డిని తొలగించే రసాయనాల పనితీరు మనకు కొత్త కాదు. తలంటుకొన్నప్పుడు కుంకుడురసం చేసే పనినే అవి ఇంజనులో చేస్తాయి. కుంకుడులోని సబ్బు వంటి పదార్థపు అణువుకు రెండు కొసలుంటాయి. ఒక కొస నూనెను పట్టుకొంటుంది, మరొక కొస నీటితో చేయి కలుపుతుంది. ఆ విధంగా నూనె జిడ్డు నీటి వెంట కొట్టుకొనిపోతుంది.

పెట్రోలులో కలిపే డిటర్జెంట్ల నిర్మాణం కూడా ఇటువంటిదే. వీటిలో పేరెన్నికగన్నది పాలీఈథర్ అమైన్. దాని అణువులో నత్రజని ఉన్న అమైన్ కొస మడ్డికి అంటుకొంటుంది. పొడవైన తోక పెట్రోలులో కరిగి ఉంటుంది. మడ్డి కొద్దికొద్దిగా ఊడి, పెట్రోలుతో పాటు దహన గదికి చేరి కాలిపోతుంది. పాలీఐసోబ్యూటిలీన్ అమైన్ అనేది మరొక రకం. ఇది ఇంజెక్టర్లను, వాల్వులను శుభ్రంగా ఉంచడానికి పనికివస్తుంది కాని, దహన గదిలోని పొరపై అంతగా పనిచేయదు. సీసా కొనేటప్పుడు రంగురంగుల బొమ్మ కంటె, వెనుక వైపు చిన్న అక్షరాలలో ఉండే ఈ రసాయనం పేరే చూడదగినది.

ఇవి బూటకపు పదార్థాలు కావు. 1980లలో ఇంజెక్టర్ల కార్లు విరివిగా వచ్చినప్పుడు మడ్డి సమస్య పెద్దదై, కార్ల కంపెనీలు దీనిపై గట్టి పరిశోధనలు జరిపాయి. బి.ఎం.డబ్ల్యు. కంపెనీ కారును 10,000 మైళ్ళు నడిపి, వాల్వులను విప్పి, వాటిపై పేరిన మడ్డిని మిల్లీగ్రాములలో తూచే పరీక్షను ప్రవేశపెట్టింది. 1995 జనవరి నుండి అమెరికాలో అమ్మే పెట్రోలు అంతటిలోను మడ్డిని అరికట్టే రసాయనం తప్పనిసరి అయింది. 2004లో బి.ఎం.డబ్ల్యు., జనరల్ మోటార్స్, హోండా, టయోటా కంపెనీలు అది చాలదని భావించి, ఇంకా ఉన్నతమైన ప్రమాణాన్ని ఏర్పరచాయి.

మనం నింపుకొనే పెట్రోలులో, ముఖ్యంగా పేరున్న కంపెనీల బంకులలో, శుద్ధి రసాయనం ఎంతో కొంత ముందే కలిసి ఉంటుంది. ఖరీదైన 95, 98 రకాలలో దానిని ఎక్కువ మోతాదులో కలుపుతామని కంపెనీలు ప్రచారం చేస్తాయి. ఆక్టేన్ అంకెకు, శుభ్రతకు సంబంధం లేదని మాత్రం పాఠకులు గుర్తించాలి. ఆక్టేన్ అన్నది పెట్రోలు అకాలంగా పేలకుండా ఒత్తిడికి నిలవగల శక్తిని సూచించే సంఖ్య. 91 చాలునని తయారీదారు చెప్పిన కారుకు 98 పోసినంత మాత్రాన ఆ కారు బలం పుంజుకోదు.

ఎంత ఆదా సాధ్యం?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. లీటరు పెట్రోలులో సుమారు 34 మెగాజౌళ్ళ శక్తి నిక్షిప్తమై ఉంటుంది. ఈ శక్తిని నూరు పాళ్ళనుకుంటే, చక్రాలను త్రిప్పడానికి ఉపయోగపడేది ఇరవై పాళ్ళు అటూ ఇటూ మాత్రమే. అరవై నుండి డెబ్బై పాళ్ళు వేడి రూపంలో రేడియేటరు ద్వారాను, పొగగొట్టం ద్వారాను బయటకు పోతాయి. మిగిలినది రాపిడికి, పంపులు త్రిప్పడానికి ఖర్చవుతుంది.

అమ్మకందారు సరిగ్గా ఇక్కడనే మాటల గారడీ చేస్తాడు. "మీ ఇంజను డెబ్బై శాతం పెట్రోలును వృథా చేస్తున్నది. మా మందు వేస్తే ఆ పెట్రోలు పూర్తిగా మండుతుంది" అంటాడు. మొదటి వాక్యం నిజమే అనిపిస్తుంది కనుక రెండవ వాక్యాన్ని కూడా నమ్ముతాము. కాని ఆ డెబ్బై పాళ్ళు మండకుండా పోయిన పెట్రోలు కాదు. మండిన తరువాత వేడిగా పోయిన శక్తి. సక్రమంగా పనిచేసే ఆధునిక ఇంజనులో పెట్రోలు నూటికి 97, 98 పాళ్ళు మండిపోతుంది. వేడి రూపంలో జరిగే నష్టం ఉష్ణగతిక శాస్త్ర నియమాల వలన, ఇంజను నిర్మాణం వలన ఏర్పడేది. దానిని సీసాలోని ద్రవం మార్చలేదు. "దహనాన్ని మెరుగుపరచి" సంపాదించగలిగేది, ఎంత అద్భుతమైన మందైనా, మిగిలిన రెండు మూడు పాళ్ళలోనే.

దీనికి మరొక నిదర్శనం క్యాటలిటిక్ కన్వర్టర్. పొగలో మిగిలిన ఇంధనపు జాడలను కాల్చి శుభ్రపరచే పరికరమిది. నిజంగానే ఇరవై ముప్ఫై శాతం పెట్రోలు మండకుండా పొగలోకి వస్తున్నట్లయితే, ఆ వేడికి ఈ పరికరం ఎర్రగా కాలి, కొద్ది కాలంలోనే కరిగి పాడైపోయేది.

మరి మడ్డిని తొలగించడం వలన కలిగే లాభం ఎంత? అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2016లో ప్రకటించిన పరిశోధనలో, నాసిరకం శుద్ధి రసాయనమున్న పెట్రోలును దీర్ఘకాలం వాడితే పేరుకొనే మడ్డి వలన మైలేజీ 2 నుండి 4 శాతం తగ్గవచ్చునని తేల్చారు. అనగా పూర్తిగా శుభ్రపరిస్తే తిరిగి వచ్చేది కూడా ఆ రెండు నుండి నాలుగు శాతమే. శుభ్రంగా ఉన్న ఇంజనుకు వచ్చేది శూన్యం.

చింతపండుతో తోమితే ఇత్తడి బిందె తళతళ మెరుస్తుంది. కిలుము పోతుంది. కాని ఎంత తోమినా ఆ బిందెలో పట్టే నీరు చెంబెడు పెరగదు. శుద్ధి ద్రవం పోగొట్టుకున్నదానిని తిరిగి ఇవ్వగలదు; ఎన్నడూ లేనిదానిని తెచ్చి ఇవ్వలేదు. ఈ విషయమంతటికీ సారాంశం ఇదే.

దీనినే డాలర్లలో చూద్దాం. నూరు కిలోమీటర్లకు 10 లీటర్లు త్రాగే కారు ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. మొత్తం 1,500 లీటర్లు. లీటరు 2 డాలర్లనుకుంటే ఏడాది ఖర్చు 3,000 డాలర్లు. మడ్డి పేరిన ఇంజనును శుభ్రపరచి 3 శాతం తిరిగి పొందితే మిగిలేది 90 డాలర్లు. సీసా 20 డాలర్లు చొప్పున ఏడాదికి ఒకటి రెండు వాడితే కొంత లాభమే. కాని "ప్రతి ట్యాంకుకు ఒక సీసా" అన్న సలహాను పాటిస్తే, 50 లీటర్ల చొప్పున 30 సార్లు నింపడానికి 30 సీసాలు, 600 డాలర్లు ఖర్చవుతాయి. తొంభై మిగుల్చుకోవడానికి ఆరువందలు వెచ్చించినట్లన్నమాట.

పోలిక కోసం మరొక్క మాట. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ బంకులలో విరివిగా దొరికే ఇ-10 పెట్రోలులో పది శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌లో శక్తి తక్కువ కనుక ఇ-10 వాడినప్పుడు మైలేజీ సుమారు 3 శాతం తగ్గుతుంది. సీసా తెచ్చిపెట్టే లాభం, బంకులో ఏ గొట్టం ఎత్తుతాము అన్నదానిపై ఆధారపడిన తేడాకు సమానం.

సీసా చేరలేని చోటు

కొత్త కార్లలో మరొక చిక్కు ఉన్నది. పాత పద్ధతిలో పెట్రోలును వాల్వుకు ముందుగా చిమ్మేవారు. పెట్రోలు వాల్వు వెనుక భాగాన్ని తడుపుతూ లోనికి పోయేది కనుక అందులోని డిటర్జెంట్ వాల్వును కడిగేది. ఇప్పుడు అనేక కార్లలో పెట్రోలును నేరుగా దహన గదిలోకే చిమ్ముతున్నారు. దీనినే డైరెక్ట్ ఇంజెక్షన్ అంటారు. ఈ ఇంజనులలో వాల్వు వెనుక భాగాన్ని గాలి మాత్రమే తాకుతుంది, పెట్రోలు తాకదు. కనుక ట్యాంకులో ఎన్ని సీసాలు పోసినా ఆ వాల్వులపై మడ్డి చెక్కుచెదరదు. దానిని వదిలించాలంటే మెకానిక్కు ఇంజను పైభాగం విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలి ఒత్తిడితో చిమ్మి శుభ్రం చేయవలసిందే. డైరెక్ట్ ఇంజెక్షన్ కారులో సీసా ఉపయోగం ఇంజెక్టర్ కొనకు, దహన గదికి పరిమితం. టయోటా వంటి కొన్ని కంపెనీలు రెండు రకాల ఇంజెక్టర్లను ఒకే ఇంజనులో అమర్చి ఈ సమస్యను చాలావరకు తప్పించాయి.

కొన్ని పదార్థాలు మేలు చేయకపోగా కీడు చేస్తాయి. ఇనుము ఉన్న ఫెర్రోసీన్, మాంగనీసు ఉన్న కొన్ని రసాయనాలు ఆక్టేనును పెంచుతాయన్నది నిజం. కాని వాటి లోహపు బూడిద స్పార్క్ ప్లగ్గులపై పొరగా పేరుకొని వాటి ఆయుష్షును తగ్గిస్తుంది. మోతాదుకు మించి పోసిన డిటర్జెంట్ కూడా ఇంజను నూనెలోకి జారి దానిని పాడుచేయగలదు. ఇక ఇంజను నూనెలో పోసే ఫ్లష్ ద్రవాలు వేరే జాతివి. పెట్రోలు పొదుపుతో వాటికి పెద్దగా సంబంధం లేదు. ఏళ్ళ తరబడి నూనె మార్చని పాత ఇంజనులో వాటిని పోస్తే, ఊడిన మడ్డి ముద్దలు నూనె దారులకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది.

ఆస్ట్రేలియా నేర్చుకున్న పాఠాలు

ఇంజనుకు మాయమందు ఉన్నదనే నమ్మకం ఈ దేశంలో రెండుసార్లు పెద్ద సంచలనం సృష్టించింది.

మొదటిది పీటర్ బ్రాక్ కథ. బాథర్‌స్ట్ కార్ల పందెంలో తొమ్మిదిసార్లు విజేతగా నిలిచిన ఈ వీరుడు ఆస్ట్రేలియన్లకు ఆరాధ్యుడు. హోల్డెన్ కార్లను మెరుగుపరచి అమ్మే సంస్థను కూడా నడిపేవాడు. 1986లో ఆయన "ఎనర్జీ పోలరైజర్" అనే చిన్న పెట్టెను తన కార్లలో అమర్చడం మొదలుపెట్టాడు. అందులో ఉన్నవి అయస్కాంతాలు, స్ఫటికాలు. అవి అణువులను ఒక క్రమంలో అమర్చి కారు పనితీరును మెరుగుపరుస్తాయని ఆయన చెప్పేవాడు. ఇంజనీర్లు దీనిని అంగీకరించలేదు. వివాదం ముదిరి 1987 ఫిబ్రవరిలో హోల్డెన్ కంపెనీ బ్రాక్‌తో సంబంధాలు తెంచుకొన్నది. ఇందులో గమనించవలసిన విషయం, బ్రాక్ మోసగాడని ఎవరూ అనుకోకపోవడం. ఆయన తన పెట్టెను మనస్ఫూర్తిగా నమ్మాడు. కారు నడపడంలో అసమాన ప్రతిభ ఉన్నవాడు కూడా కారులోని భౌతికశాస్త్రం విషయంలో పొరపడవచ్చు. చెప్పేవాని నిజాయితీ వేరు, చెప్పిన మాటలోని నిజం వేరు.

రెండవది ఫైర్‌పవర్ కథ. ఇది మరింత విషాదకరమైనది. పెర్త్ కేంద్రంగా టిమ్ జాన్‌స్టన్ నడిపిన ఈ కంపెనీ, పెట్రోలు ట్యాంకులో వేస్తే ఇంధనం ఆదా చేసి పొగను తగ్గించే మాత్ర తమ వద్ద ఉన్నదని ప్రచారం చేసింది. వెస్టర్న్ ఫోర్స్ రగ్బీ జట్టుకు, సౌత్ సిడ్నీ జట్టుకు డబ్బిచ్చి తన పేరు వేయించుకొన్నది. 2007లో సిడ్నీ కింగ్స్ బాస్కెట్‌బాల్ జట్టునే కొనివేసింది. ప్రభుత్వ ఎగుమతి ప్రోత్సాహక సంస్థ ఆస్ట్రేడ్ నుండి సహాయ నిధులు కూడా పొందింది. జెర్సీలపై పేరు, ప్రముఖుల ప్రక్కన ఫోటోలు, ప్రభుత్వపు అండ – ఇవి చూచిన ప్రజలు కంపెనీ వాటాల కోసం ఎగబడ్డారు. లండన్ మార్కెట్లో నమోదు కాగానే వాటి విలువ ఎన్నో రెట్లు పెరుగుతుందని ఆశపడ్డారు.

2007 జనవరి నుండి సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ పత్రికలో జెరార్డ్ రైల్ అనే విలేఖరి, ఆ మాత్ర నిజంగా పనిచేస్తుందనడానికి ఆధారమేదని ప్రశ్నిస్తూ వరుస కథనాలు వ్రాశాడు. 2008లో కంపెనీ కుప్పకూలింది. జీతాలందని సిడ్నీ కింగ్స్ జట్టు ఆ ఏడాదే లీగ్ నుండి తొలగింది. వెయ్యిమందికి పైగా మదుపుదారుల డబ్బు, సుమారు 10 కోట్ల డాలర్లు, ఆవిరైపోయింది. ఇదే రైల్ ఆ తరువాత 2016లో పనామా పత్రాలను వెల్లడించిన అంతర్జాతీయ విలేఖరుల సంఘానికి నాయకత్వం వహించాడు.

ఆ వెయ్యిమందిలో ఎవరూ మూర్ఖులు కారు. వారు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షించారా?" దాని స్థానంలో వారు వేరే ప్రశ్న అడిగారు: "ఇంకా ఎవరెవరు నమ్మారు?"

మన ప్రాంతంలోనూ ఇటువంటిది జరిగింది. 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్ళై మూలికలతో పెట్రోలు తయారుచేస్తానని ప్రకటించినప్పుడు దక్షిణాది అంతటా కలిగిన ఉత్సాహం మన పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. శాస్త్రజ్ఞుల పరీక్షలలో అది నిలువలేదు. కేసు సుదీర్ఘంగా నడిచి, 2016లో చెన్నై న్యాయస్థానం ఆయనను దోషిగా నిర్ధారించి జైలు శిక్ష విధించింది.

ప్రవాసంలో ఉన్న మనకు ఈ పాఠం మరింత అవసరం. పరాయి దేశంలో మనం ఒకరినొకరం నమ్ముకొని బ్రతుకుతాము. ఇల్లు, ఉద్యోగం, వైద్యుడు – అన్నీ మనవారు చెప్పిన మాట మీదనే వెదుక్కుంటాము. అది మన బలం. కాని ఆ నమ్మకమే కొన్ని వస్తువులకు అమ్మకపు మార్గమవుతుంది. "మన ఊరివాడే, మంచివాడు, తన కారులో కూడా వాడుతున్నాడు" అన్నది మనిషికి యోగ్యతాపత్రం కావచ్చు, మందుకు కాదు.

పరీక్ష ఎలా జరగాలి?

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంధనాన్ని ఆదా చేస్తాయనే ఉత్పత్తులను నూటికి పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగినంతగా పెంచేది ఒక్కటి కూడా వాటిలో కనబడలేదు. పరీక్షాశాలలో కారును రోలర్లపై నిలిపి, ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే వేగక్రమంలో, మందు వేసి ఒకసారి, వేయకుండా ఒకసారి నడిపి కొలుస్తారు. అంత నియమం ఎందుకంటే, రోడ్డుపై మైలేజీ ఒక ట్యాంకుకు మరొక ట్యాంకుకు సులభంగా ఐదు పది శాతం మారుతుంది. ఎండ, చలి, ఎయిర్ కండిషనర్, బడి సెలవులలో తగ్గిన రద్దీ – అన్నీ దానిని మారుస్తాయి. వీటన్నిటి కంటె పెద్ద కారణం మన మనస్సు. ఇరవై డాలర్లు పెట్టి మందు పోసిన వ్యక్తి, తనకు తెలియకుండానే ఆ వారమంతా నెమ్మదిగా నడుపుతాడు. ఆదా చేసింది అతని పాదం. పేరు వచ్చింది సీసాకు.

ఇంటిలో పరీక్షించదలచినవారు ఈ పద్ధతిని పాటించవచ్చు. హైస్కూలు చదివే పిల్లలకు ఇది మంచి సైన్సు ప్రాజెక్టు కూడా. ఒకే బంకులో, ఒకే రకం పెట్రోలును, గొట్టం మొదటిసారి ఆగేవరకు మాత్రమే నింపాలి. నింపిన లీటర్లను, తిరిగిన కిలోమీటర్లను పుస్తకంలో వ్రాయాలి. మందు లేకుండా ఐదు ట్యాంకులు, మందు పోసిన తరువాత ఐదు ట్యాంకులు ఇలా లెక్కించాలి. టైర్ల గాలి ప్రతిసారీ సరిచూడాలి. మందు ఏ రోజున పోశారో కారు నడిపేవారికి తెలియకుండా ఇంటిలో మరొకరు పోస్తే ఇంకా మంచిది. మొదటి ఐదింటిలో అతి తక్కువకు, అతి ఎక్కువకు ఉన్న తేడా కంటె, రెండు సగటుల మధ్య తేడా చిన్నదైతే, మందు పనిచేసిందని చెప్పడానికి ఆధారం లేనట్లే.

ఎవరు వాడవచ్చు? ఎవరికి అనవసరం?

లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన పాత కారును కొన్నవారు, చిన్న ప్రయాణాలకే కారు వాడేవారు, చలిలో కుదుపులు గమనించినవారు పాలీఈథర్ అమైన్ ఉన్న సీసా ఒకటి పోసి చూడవచ్చు. పోసిన తరువాత ఆ ట్యాంకును సుదూర ప్రయాణంలో ఖర్చు చేస్తే ఫలితం మేలుగా ఉంటుంది. తరువాత నూనె మార్పించుకోవడం మంచిది. కొత్త కారు ఉన్నవారు తయారీదారు పుస్తకం చదివి, అందులో సూచిస్తేనే వాడాలి. ఇంజను హెచ్చరిక దీపం వెలిగితే సీసా కొనడం మాని మెకానిక్కు వద్దకు వెళ్ళాలి. చెడిన ఆక్సిజన్ సెన్సార్ ఒక్కటే మైలేజీని 40 శాతం వరకు దిగజార్చగలదు. ఏ ద్రవమూ దానిని బాగుచేయదు.

అసలు పొదుపు సీసాలో కాక వేరే చోట్ల ఉన్నది. టైరులో గాలి ఒక్కొక్క పౌను తగ్గినకొద్దీ మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుంది. సరైన అంకె డ్రైవరు తలుపు వద్ద అంటించి ఉంటుంది, గాలి బంకులో ఉచితమే. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక, హ్యూమ్ హైవేపై గంటకు 90 కిలోమీటర్ల బదులు 110తో పోతే నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. సెలవులలో కారు పైకప్పుపై బిగించిన పెద్ద సామాను పెట్టె హైవే వేగంలో పది నుండి ఇరవై ఐదు శాతం వరకు ఇంధనాన్ని హరిస్తుంది. ఇంటికి రాగానే దానిని విప్పడానికి పైసా ఖర్చు లేదు. బడి ముందు ఇంజను ఆపకుండా వేచి ఉండడం, ఎర్రదీపం కనబడుతున్నా దూకుడుగా పోయి బ్రేకు వేయడం మానితే మిగిలేది, ఏ సీసా మిగిల్చే దాని కంటెనైనా ఎక్కువే. ఎయిర్ ఫిల్టరు మార్చితే మైలేజీ పెరుగుతుందన్న పాత మాట కార్బ్యురేటరు కాలానికి చెల్లింది. కంప్యూటరు ఉన్న కార్లలో మూసుకుపోయిన ఫిల్టరు వేగం పుంజుకోవడాన్ని తగ్గిస్తుంది కాని, మైలేజీని పెద్దగా మార్చదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో తేల్చింది.

ఉపసంహారం

ఇంజను శుద్ధి ద్రవాలు బూటకం కావు, అమృతమూ కావు. మాసిన ఇంజనుకు అవి స్నానం వంటివి. స్నానం ఆరోగ్యానికి మంచిదే కాని, దానితో బలం రెట్టింపవుతుందని ఎవరైనా అంటే నవ్వుతాము. ఇంజను విషయంలో కూడా ఆ మాత్రం ఇంగితం చాలు.

ఎవరైనా ఒక సీసానో, మాత్రనో, పెట్టెనో చూపి ఇరవై ముప్ఫై శాతం ఆదా అని చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఇందులోని పదార్థమేమిటి? దీనిని అమ్మేవారు కాక ఇతరులెవరు పరీక్షించారు? మండకుండా పోయేది రెండు మూడు శాతమే అయినప్పుడు మిగిలిన ఆదా ఎక్కడి నుండి వస్తుంది? సమాధానాలు లేకపోతే మర్యాదగా నమస్కారం చెప్పి రావచ్చు. ఈ దేశపు వినియోగదారుల చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనలను నిషేధిస్తుంది కనుక, మోసపోయామని భావించినవారు వినియోగదారుల కమిషన్‌కు గాని, తమ రాష్ట్ర ఫెయిర్ ట్రేడింగ్ కార్యాలయానికి గాని ఫిర్యాదు చేయవచ్చు. అదే వ్యక్తి ఆ వస్తువు మీద వాటాలు కూడా కొనమంటే మాత్రం ఫైర్‌పవర్ పేరు ఒకసారి తలచుకోండి. ఇరవై డాలర్ల సీసా వృథా అయితే ఒక పూట భోజనం ఖర్చు పోయినట్లు. పిల్లల చదువుకు దాచిన డబ్బు పోతే ఒక తరం వెనుకబడినట్లు.